నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే కిడ్నీలు పాడవుతాయా?

పాడయ్యే ప్రమాదం ఉంది, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలల తరబడి వాడితే కిడ్నీలే కాదు, కడుపులో పుండ్లు పడొచ్చు, గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. నొప్పి, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలను ఈ మందులు తగ్గిస్తాయి, కానీ కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవీ ఆ రసాయనాలే. అనంతపురం ఎండలో శనక్కాయ చేలో పొద్దంతా కలుపు తీసి, నీళ్లు సరిగ్గా తాగక, రాత్రి మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకునేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. బీపీ మాత్రలు కూడా వాడుతుంటే మరీ జాగ్రత్త. అన్నం తిన్నాక వేసుకుంటేనో, సూది వేయించుకుంటేనో ఏమీ కాదనుకుంటారు చాలామంది. అది తప్పు. మందు రక్తంలో కలిసే పనిచేస్తుంది, ఎలా తీసుకున్నా ముప్పు పోదు. విరేచనం నల్లగా అయినా, కాళ్లు వాచినా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.