పిల్లల్లో ఐబీఎస్: పాలు, గోధుమలు అన్నీ మాన్పించాలా?

తొమ్మిదేళ్ల బాబుకు ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనంలో తేడాలు వచ్చే పేగు సమస్య) అన్నారు, పాలూ గోధుమలూ పూర్తిగా ఆపేయాలా అని విజయనగరం నుంచి ఒక అమ్మ అడిగారు.

వద్దండి. అన్నీ ఒకేసారి ఆపేస్తే ఎదిగే పిల్లాడు చిక్కిపోతాడు. ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి: ఏం తిన్నాడు, నొప్పి ఎప్పుడొచ్చింది, విరేచనం ఎలా అయింది. మా పాప నోట్‌బుక్‌లో నొప్పి రాసిన రోజులు చాలావరకు పలాస జీడిపప్పు పొట్లం విప్పిన రోజులే. జీడిపప్పు, ఉల్లి, వెల్లుల్లి, శనగలు, మామిడిపండు లాంటి వాటిలోని కొన్ని పిండిపదార్థాలు, చక్కెరలు సరిగా అరగక పేగులో పులిసి గ్యాస్ అవుతాయి. మామూలు పిల్లలకు తెలియని ఆ ఉబ్బరమే ఈ పిల్లలకు నొప్పి.

అనుమానమున్న ఒక్కదాన్నే రెండు వారాలు ఆపి, మళ్లీ కొంచెం పెట్టి చూడండి. పాలు పడకపోయినా చాలామందికి పెరుగు పడుతుంది. చోడి (రాగి) అంబలి ఇవ్వొచ్చు, పక్కన పచ్చి ఉల్లిపాయ మాత్రం వద్దు. ఫాడ్‌మ్యాప్ డైట్ (ఇలా పేగులో పులిసేవన్నీ కొన్నాళ్లు తగ్గించే తిండి) అయితే డైటీషియన్ చూస్తుండగానే, 2 నుంచి 4 వారాలే. పరీక్షల టెన్షన్‌కీ నొప్పి పెరుగుతుంది, అప్పుడు తిండిని తప్పుపట్టకండి.

బరువు తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, నొప్పికి రాత్రి నిద్రలేచినా వెంటనే డాక్టరుకు చూపించండి.