కొత్త మొక్క అని తేల్చేదెలా?

ప్రశ్న: సముద్రం మధ్య ఎక్కడో ఉన్న ఉష్ణమండల దీవిలో కనిపించిన మొక్క కొత్త జాతి అని చెప్పడానికి ఫొటో చాలదా?

జవాబు: చాలదండీ. పువ్వు, ఆకు, వీలైతే కాయ ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట, భద్రపరచాలి, ఆ జాతి పేరు ఆ ఒక్క నమూనాకే ముడిపడి ఉంటుంది, దాన్నే హోలోటైప్ అంటారు. అసలు కష్టం అంతకుముందే ఉంది. చుట్టుపక్కల దీవుల్లోని దగ్గరి జాతుల పాత నమూనాలు తీసి కేసరాలు, ఆకు అడుగున నూగు, గింజల మీది గీతలు లెన్స్ కింద ఓపికగా పోల్చాలి, ఎందుకంటే వందేళ్ల కిందటే ఎవరో పేరు పెట్టేసి ఉండొచ్చు. తేడాలు చెప్పే వివరణ లాటిన్‌లోగానీ, 2012 నుంచి ఇంగ్లిష్‌లోగానీ ప్రచురించాలి. మొక్కలు కొన్నే ఉంటే దయచేసి వేళ్లతో పీకకండి, కొమ్మ చాలు. కచ్చితమైన చోటు కూడా బయటపెట్టకండి, మొక్కల దొంగలు అక్కడికే వెళ్తారు.