మెట్టు ఎక్కదగినదిగా ఉండటం ఎవరి గుణం?

మెట్టు "ఎక్కదగినది"గా ఉండటం మెట్టు గుణమా, లేక చూసేవారి మనసు దానికి అంటగట్టినదా అని మీరు అడిగారు. ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలనుకోవడంలోనే చిక్కంతా ఉందని నా అభిప్రాయం.

ఇలాంటి క్రియావకాశం, అంటే ఒక వస్తువు ఒక ప్రాణికి ఏదైనా పని చేసే వీలు కల్పించడం (అఫర్డెన్స్), పరిసరాన్నీ ప్రాణినీ కలిపి సూచిస్తుందని మనస్తత్వవేత్త జేమ్స్ గిబ్సన్ 1979లో వివరించారు. మరో మనస్తత్వవేత్త విలియం వారెన్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో పొట్టివారు, పొడుగువారు వేర్వేరు ఎత్తుల మెట్లను కేవలం చూసి, చేతుల సాయం లేకుండా ఏవి ఎక్కగలరో చెప్పారు. సెంటీమీటర్లలో వారి హద్దులు వేరైనా, కాలి పొడవుతో పోల్చినప్పుడు ఇరువర్గాలకూ హద్దు సుమారు 0.88 వంతు దగ్గరే తేలింది. ఆ నిష్పత్తి ఒక్క మెట్టులోనూ లేదు, ఒక్క కాలిలోనూ లేదు, అయినా అది కొలవదగిన వాస్తవం. పసిబిడ్డకు అదే మెట్టు గోడతో సమానం. మన అభిప్రాయం మారినంత మాత్రాన ఆ సంగతి మారదు.

ఎవరూ లేని ఇంట్లో మెట్టు సంగతేమిటన్న మీ రెండో ప్రశ్న నిజంగా లోతైనది. నీళ్లు తగలకపోయినా చక్కెర కరిగే స్వభావం కలదే అయినట్లు, తగిన కాళ్లున్నవారు వస్తే ఎక్కగలరన్నది అప్పుడూ సత్యమే.

పనిముట్ల విషయంలో మాత్రం ఒక భేదం పాటించండి. స్క్రూడ్రైవర్‌తో రంగు డబ్బా మూత లేపగలగడం దాని ఆకారం, గట్టిదనం, మన చేతిబలం వల్ల కలిగే అవకాశం. అది "స్క్రూడ్రైవర్" కావడానికి మాత్రం తయారుచేసినవారి ఉద్దేశం, వాడుక కూడా కావాలి.