ఉత్తరం ఉండగా తుకికును ఎందుకు పంపినట్టు?

మీ ప్రశ్న ఇది: ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలో (ఎఫెసీ 6:21-22) అపొస్తలుడు పౌలు తన సంగతులు చెప్పడానికీ, వాళ్ల హృదయాలను ఓదార్చడానికీ తన తోటి సేవకుడు తుకికును పంపానంటాడు. ఆ నాలుగు మాటలూ ఉత్తరంలోనే రాస్తే సరిపోయేది కదా?

సరిపోదు. ఆ ఉత్తరమంతా వెతకండి. పౌలు సంకెళ్లలో ఉన్నాడని తెలుస్తుంది గానీ, ఒంట్లో ఎలా ఉంది, తిండి ఎవరు తెస్తున్నారు, విచారణ ఎంతదాకా వచ్చింది, ఒక్కటీ దొరకదు. అవన్నీ తుకికు నోటికే వదిలాడు. కొలొస్సయి 4:7-9లోనూ దాదాపు అవే మాటలు. అక్కడ తుకికుకు తోడుగా వెళ్లిన ఒనేసిము కొలొస్సయి ఊరివాడే. చెరలో ఉన్నవాడు "బాగున్నాను" అని రాస్తే, మనం దిగులుపడకూడదనే అలా రాశాడేమో అన్న అనుమానం మిగిలిపోతుంది. కళ్లారా చూసి వచ్చినవాణ్ని మాత్రం కూర్చోబెట్టి ఎన్నిసార్లయినా అడగవచ్చు.

రోమా ప్రభుత్వ తపాలా సర్కారు పనులకే. మామూలు జనం అటు వెళ్లే మనిషి చేతికి ఉత్తరం ఇచ్చేవారు. ముందు లేఖకుడికి చెప్పి రాయించేవారు (రోమా 16:22లో లేఖకుడు తెర్తియు తనే వందనం చెబుతాడు), చివర్లో సొంత చేత్తో రెండు మాటలు కలిపేవారు, పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) మడిచి దారం కట్టి మట్టిముద్ర వేసేవారు. దొంగ ఉత్తరాల బెడద ఉండేది: 2 థెస్సలొనీక 2:2 దాని గురించే హెచ్చరిస్తుంది, 3:17 చేతిరాతను గుర్తుగా చూపిస్తుంది. చేతిరాత తెలియని ఊళ్లో, తెచ్చిన మనిషి ముఖమే పూచీ.

మనిషిని నమ్ముకుంటే చిక్కులూ ఉన్నాయి. నవంబరు 11 నుంచి మార్చి 10 దాకా సముద్రం మూసినట్టే లెక్క. వెళ్లినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం. కొరింథు కబురుతో రావలసిన జతపనివాడు తీతు త్రోయ పట్టణంలో కనిపించకపోయేసరికి, అక్కడ సువార్త చెప్పడానికి అవకాశం ఉన్నా పౌలు మనసు నిలవక మాసిదోనియకు వెళ్లిపోయాడు (2 కొరింథీ 2:12-13). అక్కడ తీతు కలిశాక దక్కిన ఆదరణ 7:6-7లో ఉంది. ఆ వచనాలు నిదానంగా చదవండి. పౌలును ఓదార్చింది తీతు రావడం ఒక్కటే కాదు, కొరింథువాళ్లు తీతుకు ఇచ్చిన ఆదరణ కూడా. ఒకే మనిషి మీదుగా ఓదార్పు రెండు వైపులా నడిచిందన్నమాట.

ఎపఫ్రొదితు సంగతి ఇంకా సున్నితం. ఫిలిప్పీ సంఘంవాళ్ల కానుకలు చెరలో ఉన్న పౌలుకు పట్టుకెళ్లి, చావు అంచుదాకా జబ్బుపడ్డాడు. ఆ కబురు ఊరికి చేరిందని తెలిసి అతనే ఎక్కువ కుంగిపోయాడు (ఫిలిప్పీ 2:26). పౌలు చెరలో ఉన్నది రోములో అనే సంప్రదాయ అభిప్రాయం ప్రకారం చూస్తే, రోముకూ ఫిలిప్పీకీ మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైనే. "కోలుకున్నాడు" అన్న మాట చేరడానికి మళ్లీ వారాలు పడుతుంది. అందుకే పౌలు అతన్నే పంపాడు. ఘనపరచి చేర్చుకోండి అని కూడా రాశాడు. పని మధ్యలో వదిలి వచ్చాడని ఎవరూ అనకూడదనే ఆ మాట, నా ఉద్దేశంలో.

థెస్సలొనీకలో వరుస వేరు: ముందు పౌలు జతపనివాడు తిమోతి వెళ్లాడు, అతను తిరిగొచ్చి చెప్పాకే ఉత్తరం పుట్టింది (1 థెస్సలొనీక 3:1-6).

ఈ అలవాటు పౌలుతో ఆగలేదు. సుమారు క్రీ.శ. 96లో రోము సంఘం, కలహంలో ఉన్న కొరింథుకు పెద్ద ఉత్తరం పంపుతూ క్లౌదియు ఎఫేబును, వలేరియు బీతోను, వాళ్లతో ఫొర్తునాతును పంపింది. తమ మధ్య యౌవనం నుంచి వృద్ధాప్యం దాకా నింద లేకుండా బ్రతికిన మనుషులను పంపుతున్నామని చెప్పింది. సమాధానపడ్డారన్న కబురుతో వాళ్లను త్వరగా తిప్పి పంపమని చివర్లో అడిగింది.