ఎలుకల్ని పెంచాలనుకుంటున్న చిన్నీకి

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. ఎలుకల్ని పెంచుకుంటానంటే మీ అమ్మ ముఖం చిట్లించిందని రాశావు. తన సంగతి తర్వాత చూద్దాం. "చిన్న ప్రాణి కదా పెద్దమ్మా, కుక్కలా బయట తిప్పక్కర్లేదు, పెద్దగా పనుండదు" అన్నావు చూడు, ఆ ధైర్యంతో మాత్రం తెచ్చుకోవద్దు. ఎలుక ఒళ్లు చిన్నదే గానీ బుర్ర మహా చురుకు. ఆ బుర్రకు రోజూ ఏదో ఒక పని కల్పించాలి, తోడు ఇవ్వాలి, నీ సమయం కొంత ఇవ్వాలి. అవి ఇవ్వగలిగితే, ఎలుకంత దగ్గరయ్యే చిన్న జంతువును నేనింతవరకు చూడలేదు.

ఎర పెట్టి ఎలుకను పట్టడం ఎందుకంత కష్టమో ఎప్పుడైనా ఆలోచించావా? ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదు. దాని శరీర నిర్మాణమే అంత. చెడ్డది మింగితే కక్కే దారి లేదు కాబట్టి తినేముందే జాగ్రత్త పడుతుంది. కొత్త తిండి కనిపిస్తే కొంచెం కొరికి వదిలేస్తుంది. అది ఒంట్లో తేడా చేసిందా, మళ్లీ ఆ రుచి జోలికి పోదు. ఇంకా ముచ్చటైన సంగతి, ఒక ఎలుక తిని వస్తే తోటి ఎలుక దాని మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ఆ ఊపిరిలో తగిలిన తిండి వాసనను గుర్తుపెట్టుకుని, అదే తిండి తనకు ఎదురైనప్పుడు దానివైపే మొగ్గుతుంది. బెనెట్ గాలెఫ్ అనే శాస్త్రవేత్త దీనిమీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. నువ్వు కొత్త కూరగాయ ఏదైనా పెట్టాలనుకుంటే ముందు రెండిట్లో ధైర్యం ఉన్నదానికి పెట్టు. రెండోదాన్ని బతిమాలే పని చాలావరకు తప్పుతుంది.

దారులు గుర్తుపెట్టుకోవడంలోనూ అంతే. ఎలుక దారిని బట్టీ పట్టదనీ, చోటు మొత్తాన్నీ ఒక పటంలా మనసులో గీసుకుంటుందనీ ఎడ్వర్డ్ టోల్మన్ 1948లోనే రాశాడు. ఫలానా చోటికి రాగానే మేల్కొనే మెదడు కణాలను 1971లో జాన్ ఓకీఫ్ కనిపెట్టింది ఎలుకల్లోనే. మెదడులో చోటును గుర్తించే కణాలను కనిపెట్టినందుకు 2014లో ఆయనకూ, మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్‌లకూ నోబెల్ వచ్చింది. పగలు తిరిగిన దారుల తాలూకు కణాలు ఎలుక నిద్రపోతున్నప్పుడు అదే వరసలో మళ్లీ కదులుతాయట. ఇలాంటి మెదడున్న ప్రాణికి ఏడాదంతా మారని పంజరం ఎంత విసుగో ఊహించుకో. అందుకని వారానికోసారి లోపల సర్దినవి మార్చు. నిచ్చెన ఇటు, గొట్టం అటు, ఊయల ఇంకో మూలకు. పడుకునే గూడు మాత్రం కదిలించకు, అది దాని ధైర్యం. తిండి కూడా గిన్నెలో పోసి ఊరుకోకు. కొంత కాగితపు పొట్లాల్లో చుట్టి అక్కడక్కడా దాచు, వెతుక్కుని విప్పుకుని తింటాయి. రిచ్మండ్ విశ్వవిద్యాలయంలో కెల్లీ లాంబర్ట్ బృందం ఎలుకలకు బుల్లి కారు నడపడం నేర్పి, ఆ ఫలితాలను 2019లో ప్రచురించింది. రాగి కడ్డీని కాళ్లతో ముట్టుకుంటే బండి కదులుతుంది. ఆటవస్తువులూ ఎక్కే మెట్లూ ఉన్న పంజరంలో పెరిగినవి, బోసి పంజరంలో పెరిగిన వాటికన్నా బాగా నేర్చుకున్నాయి. పంజరంలో ఏం ఉందన్నది అంత ముఖ్యం.

ఒక్క ఎలుకనే తెస్తానని రాశావు, అది మాత్రం కుదరదు. కనీసం రెండు, అవీ రెండూ ఆడవో రెండూ మగవో అయి ఉండాలి. నువ్వెంత ముద్దు చేసినా రాత్రంతా దాని పక్కన ముడుచుకుని పడుకోలేవు, చెవుల వెనక శుభ్రం చేయలేవు. షికాగో విశ్వవిద్యాలయంలో 2011లో ఒక ప్రయోగం చేశారు. ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో పెట్టి మూస్తే, బయట ఉన్న దాని తోటిది రోజుల తరబడి తంటాలు పడి తలుపు తెరవడం నేర్చుకుంది. పక్కనే చాక్లెట్ ముక్కలున్న ఇంకో గొట్టం పెట్టినా తోటిదాన్ని వదిలేయలేదు. రెండూ తెరిచి, చాలాసార్లు చాక్లెట్ కూడా పంచుకుంది. ఇది చదివాక ఒంటరి ఎలుకను చూస్తే నాకు మనసొప్పదు.

ఆడా మగా కలిపి మాత్రం తేవద్దు. అయిదు వారాలకే ఈడుకొస్తాయి. మూడు వారాల్లో కాన్పు, ఒక్కో కాన్పుకు పది పన్నెండు పిల్లలు కూడా ఉండొచ్చు, ఈనిన మర్నాటికే మళ్లీ చూలు నిలవొచ్చు. ఇచ్చేవాళ్లు "రెండూ ఆడవే" అన్నా, పశువైద్యుడికి (వెట్‌కు) చూపించి నిర్ధారించుకో.

మచ్చిక చేయడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు పట్టుకోకు. పంజరం పక్కన కూర్చుని నీ పని చేసుకుంటూ మెల్లగా మాట్లాడు. వాటి చూపు మందం, ఎరుపు సరిగా కనిపించదు. నిన్ను గుర్తుపట్టేది వాసనతో, గొంతుతో. నువ్వు వాడిన పాత గుడ్డముక్క గూట్లో వేస్తే నీ వాసన అలవాటవుతుంది. తర్వాత చెంచా కొసకు మెత్తటి తిండి ఏదైనా రాసి అందించు. చేత్తో ఇస్తే లాక్కుని పారిపోతాయి, చెంచాతో ఇస్తే నాకడానికి నీ దగ్గరే ఆగాలి కదా. ఆగుతున్నాయంటే చేయి చాపి ఊరుకో, వాటంతట అవే ఎక్కనివ్వు. ఎత్తేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి వెనక కాళ్ల కింద ఉండాలి. తోక పట్టి ఎప్పుడూ లేపకు, ఆ చర్మం ఒలిచినట్టు ఊడొస్తుంది.

ఆ తర్వాత ఆట. జాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త 1990ల చివర్లో ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టి చూశాడు. అవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా కిచకిచమన్నాయి. మన చెవి 20 దాటి వినలేదు కాబట్టి ఆ నవ్వు మనకు వినిపించదు. కానీ కనిపిస్తుంది. మెడ వెనక వేళ్లతో గిలి పెట్టి చేయి వెనక్కి తీస్తే, గెంతుకుంటూ చేతి వెంట పడతాయి. మళ్లీ పెట్టమని అడగడం అంటే అదే. వెనక్కి తగ్గినా, కదలకుండా బిగుసుకున్నా ఆపేయాలి. 2019లో బెర్లిన్‌లో ఎలుకలకు దాగుడుమూతలు కూడా నేర్పారు, బహుమతిగా తిండి పెట్టలేదు, ఆడుకోవడమూ చక్కిలిగింతలే. దాక్కునే వంతు వచ్చినప్పుడు పారదర్శకంగా ఉన్న డబ్బా మానేసి, లోపలిది కనబడని డబ్బాలోకి దూరాయి, అరుపులు కూడా తగ్గించాయి! రోజూ కనీసం ఒక గంట పంజరం బయట వదలాలి, అంతకుముందే గదిలో కరెంటు వైర్లు అందకుండా చూసుకో. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకక తప్పదు.

ఒళ్లో పడుకున్నప్పుడు ఒక్కోసారి పళ్లు టకటకా నూరుతుంది, కళ్లు ముందుకూ వెనక్కూ అదురుతాయి. తొలిసారి చూస్తే ఏదో అయిపోతోందని భయం వేస్తుంది. దవడ కండరం కంటి వెనకగా పోతుంది కాబట్టి అలా అదురుతాయి, హాయిగా ఉందని దానర్థం. అయితే ముడుచుకుని, ఒళ్లు ఉబ్బించుకుని నూరుతుంటే అది నొప్పి కావచ్చు. ఇంకోటి, కళ్ల చుట్టూ, ముక్కు కొసన ఎర్రగా కనిపిస్తే రక్తం అనుకోకు. పోర్ఫిరిన్ అనే పదార్థం, కంటి వెనక గ్రంథి నుంచి వస్తుంది. నిద్ర లేచాక కాస్త ఉండి అదే తుడుచుకుంటే ఫర్వాలేదు. రోజంతా ఉంటే మాత్రం జబ్బో, టెన్షనో ఉన్నట్టు.

పంజరం సంగతి క్లుప్తంగా. కమ్మీల మధ్య ఎడం ఒకటింపావు సెంటీమీటరు దాటకూడదు. అడుగున తీగ జాలీ వద్దు, పాదాలు పుండ్లు పడతాయి. దేవదారు, పైన్ చెక్క పొట్టు వేయొద్దు, కాగితంతో చేసిన పరుపు మంచిది. గాజు తొట్టిలో గాలి ఆడదు, మూత్రం ఘాటు ఊపిరితిత్తులకు పడదు. ఎండ తగిలే చోట అసలే పెట్టకు, ఎలుక వేడికి తట్టుకోలేదు. ఎలుకల కోసం చేసిన బిళ్లల తిండి రోజూ ఉండాలి, గింజలే పెడితే నచ్చినవి ఏరుకుని మిగతావి వదిలేస్తాయి.

ఎలుకల్ని తెచ్చే ముందే వాటికి వైద్యం చేసే వెట్ ఎవరున్నారో వెతికి పెట్టుకో. కుక్కలూ పిల్లులూ చూసే డాక్టర్లందరూ ఎలుకల్ని చూడరు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పెంపుడు ఎలుకల్లో చాలా మామూలు. ఊపిరిలో గురగుర, పక్కలు ఎగరేస్తూ శ్వాస తీయడం కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లాలి. ఆడవాటికి రొమ్ము గడ్డలు తరచుగా వస్తాయి. వారానికోసారి ఒళ్లంతా వేళ్లతో తడిమి చూడటం అలవాటు చేసుకో.

మీ అమ్మ దగ్గర ఏదీ దాచకు. రోగాలంటుకుంటాయని ఆవిడ భయం, అది వట్టి భయమేమీ కాదు. లెప్టోస్పైరోసిస్, ఎలుక కాటు జ్వరం ఉన్నాయి. 2017లో అమెరికాలో పెంపుడు ఎలుకల నుంచి సియోల్ వైరస్ కూడా మనుషులకు సోకింది. అందుకని బయట దొరికిన ఎలుకను ఎప్పుడూ పెంచొద్దు, పెంపకందారుల దగ్గర పుట్టినవే తీసుకో. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కో, మూతికి ముద్దులు పెట్టకు, వంటగదిలోకి రానివ్వకు. మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా చూడు, కెనడాలోని అల్బర్టాలో పెంపుడు ఎలుక కూడా నిషేధమే. ఇవన్నీ నువ్వే ముందు చెబితే తన భయం కొంత తగ్గుతుంది. మగావా గురించి కూడా చెప్పు. అది ఆఫ్రికా సంచి ఎలుక, నువ్వు పెంచబోయే జాతి కాదు. కంబోడియాలో మందుపాతరల్ని వాసనతో పట్టి, 2020లో బ్రిటన్‌కు చెందిన పీడీఎస్ఏ అనే జంతు సేవాసంస్థ ఇచ్చే బంగారు పతకం అందుకుంది.

చివరిగా కష్టమైన మాట. ఎలుక ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడు. పేరు పిలిస్తే పరుగెత్తుకొచ్చే ప్రాణి అంత తొందరగా పోతే తట్టుకోవడం తేలిక కాదు, ఎన్నిటిని పెంచినా నాకు అది అలవాటు కాలేదు. ఒకటి పోతే రెండోది ఒంటరిదవుతుంది కూడా. దానికి తోడుగా చిన్నవాటిని తేవాలా, ఇంకెవరి ఎలుకలతోనైనా కలపాలా అన్నది ఇప్పుడే ఆలోచించుకో. కొత్తవి తెస్తే రెండు వారాలు వేరే గదిలో ఉంచి తర్వాతే కలపాలి. ఇది నీ వల్ల కాదనిపిస్తే ఇప్పుడే మానుకో, నేనేమీ అనుకోను.

అవుననుకుంటే, పంజరం కొనకముందే దాని కొలతలూ ఫోటో పంపు, చూసి చెబుతాను. వెట్ దొరికాడో లేదో కూడా రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ