బ్రాంప్టన్‌లో మొదటి చలికాలం: వింటర్ టైర్లు కొనాలా, వద్దా?

"పోయిన నెల ఇండియా నుంచి కెనడాలోని బ్రాంప్టన్ వచ్చాను. సెకండ్ హ్యాండ్ కరోలా కొన్నాను, దానికి ఆల్ సీజన్ టైర్లున్నాయి. మళ్ళీ వెయ్యి డాలర్లు పెట్టి వింటర్ టైర్లు కొనాలా? రూమ్మేట్లు అక్కర్లేదంటున్నారు" అని అడిగారు. కొనండి. కొత్తగా వచ్చినవాళ్ళకి వెయ్యి డాలర్లంటే ఎంత బరువో నాకు తెలుసు, తెలిసే చెప్తున్నాను.

నేను మీ పక్క ఊరు మిస్సిసాగా వచ్చాక ఇది ఎనిమిదో చలికాలం. నాకు కారు అమ్మినాయన కూడా మీ రూమ్మేట్ల మాటే చెప్పాడు. ఆల్ సీజన్ అంటే అన్ని కాలాలకీ అనేగా అన్నాడు, నమ్మాను. డిసెంబరులో ఒక సాయంత్రం మా పాపని డేకేర్ నుంచి తీసుకొస్తున్నాను. అప్పుడు మంచు కూడా పడటం లేదు. ముందురోజు పడింది మధ్యాహ్నం కరిగి, చీకటి పడేసరికి మళ్ళీ గడ్డకట్టింది. మా వీధి చివర చిన్న పల్లం, దాని కింద స్టాప్ సైన్. ముప్పై కిలోమీటర్ల స్పీడు కూడా లేదు. బ్రేక్ తొక్కితే కాలి కింద పెడల్ గడగడా కొట్టుకుంది. అది ఏబీఎస్ అని, బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటని అప్పటికి నాకు తెలియదు. కారు ఆగలేదు. స్టీరింగ్ తిప్పినా తిరగలేదు. అలాగే జారుకుంటూ స్టాప్ సైన్ దాటి, కూడలి దాటి, అవతలి ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుని ఆగింది. అడ్డంగా ఏ బండీ రాకపోవడం మా అదృష్టం. "నాన్నా, ఎందుకు ఆగలేదు?" అంది పాప వెనక సీట్లోంచి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే టైర్ల షాపుకి వెళ్ళాను.

తప్పు బ్రేకులది కాదు, రబ్బరుది. మన ఇళ్ళలో చలికాలం పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి, ఎంత వంచినా రాదు కదా. మామూలు టైరు రబ్బరు కూడా దాదాపు 7 డిగ్రీల నుంచి అలా బిగుసుకుపోవడం మొదలవుతుంది. మైనస్ పదిహేనులో అది చెక్కలా ఉంటుంది, రోడ్డుని పట్టుకోలేదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టి చూడండి, దిమ్మ దిమ్మకీ బ్లేడుతో కోసినట్టు సన్నని గాట్లుంటాయి. ఐసు మీద కంటికి కనపడని నీటి పొర ఉంటుంది, జారేది దానివల్లే. ఆ గాట్లు నీటిని పక్కకు తీసి, అంచులతో ఐసుని పట్టుకుంటాయి. సున్నా దగ్గర ఆ నీటి పొర ఎక్కువ, అందుకే మైనస్ ఇరవైలో కంటే అప్పుడే రోడ్డు ఎక్కువ జారుతుంది. మంచు లేదు కదా అనుకునే రోజునే జాగ్రత్త ఎక్కువ కావాలి.

"ఏడబ్ల్యూడీ కారుంటే చాలు" అని కూడా మీతో ఎవరో ఒకరు అంటారు. ఏడబ్ల్యూడీ అంటే ఇంజన్ నాలుగు చక్రాలనీ తిప్పే కారు. నాలుగు చక్రాలూ తిరిగితే బండి కదలడం తేలికే. ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం అన్ని కార్లకీ ఉన్నవి ఆ నాలుగు టైర్లే.

కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు ఉన్న బొమ్మ కోసం చూడండి. ఆ గుర్తుంటే మంచు మీద పరీక్షకు నిలిచిన టైరని అర్థం. ఒట్టి 'ఎం ప్లస్ ఎస్' (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని రాసి ఉంటే సరిపోదు, చాలా ఆల్ సీజన్ టైర్ల మీద కూడా అది ఉంటుంది. మన రాష్ట్రం అంటారియోలో వింటర్ టైర్లు వేయమని చట్టం బలవంతం చేయదు. పక్క రాష్ట్రం క్విబెక్‌లో రిజిస్టరైన కార్లకు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి. అంటారియోలో 2016 జనవరి నుంచి వింటర్ టైర్లకు ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ డిస్కౌంట్ ఇవ్వాలి. మీరు ఫోన్ చేసి అడగండి, అడగకపోతే చాలాసార్లు వాళ్ళు చెప్పరు.

సైజు డ్రైవర్ తలుపు తీస్తే కనపడే స్టిక్కర్ మీద ఉంటుంది, 205/55 ఆర్ 16 లాగా. బ్రాండ్ గురించి అంత టెన్షన్ వద్దు. నేను మొదట బ్లిజాక్, తర్వాత ఎక్స్-ఐస్ వాడాను, రెండూ బాగున్నాయి. డబ్బు మిగిలిద్దామని ముందు చక్రాల టైర్లు రెండే మార్చకండి. ముందువి పట్టుకుని వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. మార్చితే నాలుగూ మార్చాలి. వీలైతే స్టీల్ రిమ్ములతో కలిపి కొనుక్కోండి. ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే ఖర్చు తగ్గుతుంది, రెండు మూడేళ్ళలో రిమ్ముల డబ్బు తిరిగొచ్చేస్తుంది.

బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, విడిగా నాలుగు టైర్లు పెట్టుకునే చోటు లేకపోతే 'ఆల్ వెదర్' టైర్లు చూడండి. పేరు దగ్గరగా ఉన్నా ఆల్ సీజన్ వేరు, ఇది వేరు. దీని మీద ఆ కొండ గుర్తు ఉంటుంది, ఏడాదంతా వాడుకోవచ్చు. ఊళ్ళో కాలేజీకి, పనికి తిరిగేవాళ్ళకి చాలు. ఉత్తరాన సడ్‌బరీ, థండర్ బే వైపు ఉద్యోగం వస్తే మాత్రం అసలైన వింటర్ టైర్లే కావాలి.

సెకండ్ హ్యాండ్‌వి కొంటే లోతు కొలిపించండి. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు దగ్గరపడితే అవి మంచుకు పనికిరావు. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు కూడా చదవండి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. నాకు ఒక షాపువాళ్ళు "కొత్తవే" అని తొమ్మిదేళ్ళ నాటి టైర్లు చూపించారు. గాడి నిండుగా ఉంది గానీ గోరు దిగనంత గట్టిపడి ఉన్నాయి. అంకెలు చదవడం రాకపోతే తెచ్చేసుకునేవాణ్ణే.

అక్టోబర్ నెలాఖరులోపు వేయించేయండి. మొదటి మంచు పడ్డాక షాపుల్లో అపాయింట్‌మెంట్ దొరకదు. ఏప్రిల్‌లో పొద్దుటి చలి కూడా 7 డిగ్రీలు దాటాక తీసేయండి, వేసవి రోడ్డు మీద ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది. చక్రాలు మార్చాక వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ బిగింపించుకోవాలి. చలికి గాలి కూడా తగ్గుతుంది, ప్రతి ఐదారు డిగ్రీలకూ సుమారు ఒక పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత). నెలకోసారి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోండి.

మొదటి మంచు పడ్డాక ఒక ఆదివారం పొద్దున ఎవరూ లేని పార్కింగ్ లాట్‌కి వెళ్ళి, ఇరవై స్పీడులో ఒకసారి బ్రేక్ గట్టిగా తొక్కి చూడండి. పెడల్ గడగడా కొట్టుకుంటుంది, కాలు తీయకుండా అలాగే అదిమిపెట్టండి. మా ఆవిడకి డ్రైవింగ్ వచ్చాక నేను చేయించిన మొదటి పని ఇదే.