బిళ్లలు వేస్తూనే ఉన్నాం, పూల్ గోడలకి పాకుడు ఎందుకు పోవట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పెరట్లో చిన్న పూల్, తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్లలు ఎప్పుడూ ఉంటున్నాయి, టెస్ట్ చుక్కలు వేస్తే నీళ్లు పసుపుపచ్చగా మారి క్లోరిన్ ఉందనే చెబుతున్నాయి. అయినా వారం తిరిగేసరికి గోడలు జారుడు, మూలల్లో నాచు. పూల్ చూసే మనిషేమో నీళ్లన్నీ తోడేయమంటున్నాడు. అతని మాటలో సగం నిజముంది. కానీ ఎందుకు తోడాలో తెలియకుండా తోడితే ఆరు నెలలకి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. నా విషయంలో అదే జరిగింది.

మాది చేవెళ్ల వైపు చిన్న తోట, అందులో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు పూల్. దాదాపు 27,000 లీటర్లు. రెండో వేసవిలో మా మామయ్యగారు మెట్టు మీద కాలు పెట్టీ పెట్టగానే సర్రున జారారు. దెబ్బ తగల్లేదు గానీ, ఆ రోజు నుంచి నాకు టెన్షన్. చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి, గోడ మీద చెయ్యి పెడితే మాత్రం జిగట. పచ్చదనం కంటికి కనిపించకముందే చేతికి తెలుస్తుందని అప్పుడే అర్థమైంది.

మొదట అందరూ చేసేదే చేశాను. రెండు బిళ్లల చోట నాలుగు వేశాను. ఆపైన ఎవరో చెప్పారని మైలుతుత్తం కలిపాను. నాచు కొన్నాళ్లు తగ్గిన మాట నిజమే, కానీ టైల్స్ మధ్య తెల్ల సిమెంటు నీలిపచ్చగా మారింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. దయచేసి ఆ పని చేయకండి. పటిక సంగతి వేరు. పటిక మురికిని అడుగుకు దించుతుంది, మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి బిందెలో వేసినట్టు. నీళ్లు తేటపడతాయి గానీ గోడకి పట్టిన పాకుడు చావదు.

అసలు దొంగ బిళ్లలోనే ఉంది. మనం వాడే బిళ్లలో (వాటి మందు పేరు టీసీసీఏ) క్లోరిన్‌తో పాటు సైన్యూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. షాపులో దాన్నే స్టెబిలైజర్ అంటారు. అది చెడ్డది కాదు. అది లేకపోతే మన ఎండకి క్లోరిన్ గంటా రెండు గంటల్లో చాలా భాగం ఎగిరిపోతుంది. ఆవుని గుంజకి కట్టినట్టు అది క్లోరిన్‌ని పట్టి ఉంచుతుంది. కానీ చిక్కేమిటంటే, క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఎండకి పోదు, నీళ్లు ఆవిరైనా పోదు. 200 గ్రాముల బిళ్ల ఒకటి నా పూల్‌లో దాన్ని 4 పీపీఎం (అంటే లీటరు నీళ్లకి 4 మిల్లీగ్రాములు) దాకా పెంచుతుంది. ఏడాదికి ఎన్ని బిళ్లలు వేశామో లెక్కేసుకోండి. స్టెబిలైజర్ పెరిగేకొద్దీ ఆ తాడు పొట్టిదవుతున్నట్టే, తాడు మరీ పొట్టిదైతే ఆవు పక్కనున్న గడ్డిని కూడా అందుకోలేదు. టెస్టులో క్లోరిన్ ఉన్నట్టే కనిపిస్తుంది, గోడ మీద నాచు దగ్గరికి వచ్చేసరికి పని చేయదు.

కాబట్టి ముందు స్టెబిలైజర్ కొలవండి. మీ పసుపు చుక్కల కిట్ దాన్ని చూపించదు, దీని కిట్ వేరు. మందు కలపగానే నీళ్లు పాలలా తెల్లబడతాయి. గొట్టంలో పోస్తూ అడుగునున్న నల్లచుక్క ఏ గీత దగ్గర కనపడకుండా పోతుందో చూడాలి. నాది 100 గీత దాకా రాకుండానే మాయమైంది. సగం మంచినీళ్లు కలిపి మళ్లీ చూస్తే 90 వచ్చింది, అంటే అసలుది 180. ఉండాల్సింది 30 నుంచి 50. దాన్ని తగ్గించడానికి చవకైన మందేదీ లేదు, నీళ్లు మార్చడమే. మీ పూల్ మనిషి చెప్పింది ఇక్కడే నిజమైంది.

అయితే మొత్తం ఖాళీ చేయకండి, ముఖ్యంగా వానాకాలంలో. కింద ఊట ఎక్కువగా ఉంటే ఖాళీ తొట్టి పగలొచ్చు, పైకి లేవొచ్చు కూడా. నేను ఒక అడుగు నీళ్లు వదిలి మూడడుగులు తీసేశాను. రెండు మూడు రోజులు క్లోరిన్ వేయకుండా ఉంచి, అది తగ్గాకే కొబ్బరిచెట్లకి వదిలాను. తిరిగి నింపడానికి 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు పట్టాయి. స్టెబిలైజర్ 45కి దిగింది.

ఇక అసలు పని. మా వైపు బోరు నీళ్ల పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 8 దాటి ఉంటుంది, అక్కడ క్లోరిన్ బలం బాగా తగ్గిపోతుంది. ముందు యాసిడ్‌తో పీహెచ్ 7.2కి తెచ్చాను. పొద్దు గూకాక, పంపు నడుస్తుండగా, 10 శాతం లిక్విడ్ క్లోరిన్ 5 లీటర్లు పూల్ చుట్టూ పోశాను. అంటే సుమారు 18 పీపీఎం, స్టెబిలైజర్ అంకె 45లో 40 శాతం. పాత నీళ్లలోనే ఇదే పని చేయాలంటే 20 లీటర్లు పట్టేది!

మందు కన్నా బ్రష్ ముఖ్యం. పాకుడంటే సూక్ష్మజీవులు తమ చుట్టూ తాము కట్టుకున్న జిగురు గూడు, దాన్ని గీకి చీలిస్తే తప్ప క్లోరిన్ లోపలికి వెళ్లదు. పొద్దునా సాయంత్రం గీకాను. గోడలు అందరూ గీకుతారు, నిచ్చెన వెనక భాగం, లైటు గూడు, పైన తేలే చెత్తని లాగే స్కిమ్మర్ మూత అడుగు ఎవరూ చూడరు. నేను లైటు విప్పితే వెనక గులాబీరంగు జిగురు, తరవాణి కుండ అడుగులా. అక్కడ వదిలేస్తే వారంలో మళ్లీ గోడకి పాకుతుంది. ఇసుక ఫిల్టర్‌ని మూడు రోజుల పాటు ఆపకుండా నడిపి, ప్రెషర్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేశాను, అంటే నీళ్లు ఎదురు తిప్పి ఇసుకని కడిగాను. క్లోరిన్ తగ్గినంతా మళ్లీ పోస్తూ వచ్చాను.

ఎప్పుడు ఆపాలి? రాత్రి క్లోరిన్ చూసి, ఎండ రాకముందే మళ్లీ చూడండి. 1 పీపీఎం కంటే తక్కువ తగ్గితే పని అయినట్టే. రాత్రిపూట ఎండ తినదు కదా, తగ్గిందంటే తినేవాళ్లు ఇంకా లోపల ఉన్నట్టే. దీనికి డీపీడీ అనే మందుతో పని చేసే కిట్ కొనండి, పసుపు చుక్కల కిట్ వాడేసిన క్లోరిన్‌ని కూడా కలిపి చూపిస్తుంది.

జాగ్రత్తలు రెండే, కానీ ప్రాణాల మీదివి. బిళ్లలూ బ్లీచింగ్ పౌడరూ ఒకే బకెట్లో, ఒకే డబ్బాలో వేయకండి, మంట లేస్తుంది. యాసిడ్, లిక్విడ్ క్లోరిన్ కలిస్తే విషవాయువు. రెండూ పూల్‌లోనే పోయాలన్నా మధ్యలో అరగంట వదలండి.

ఈ శుభ్రం పని పూర్తయ్యేవరకు పిల్లల్ని పూల్‌లోకి దింపకండి. కేరళలో 2024, 2025లో వచ్చిన మెదడు తినే అమీబా కేసులు చదివే ఉంటారు. తాగితే రాదు గానీ, క్లోరిన్ సరిగా లేని వెచ్చటి నీళ్లు ముక్కులోకి పోతే ప్రమాదం.

ఇప్పుడు నేను బిళ్లలు ఊరెళ్లేటప్పుడే వేస్తాను. మిగతా రోజుల్లో సాయంత్రం ముప్పావు లీటరు లిక్విడ్ పోసి 4, 5 పీపీఎం దగ్గర ఉంచుతాను. వేడికి దాని బలం పడిపోతుంది కాబట్టి చిన్న క్యాన్లు కొని నీడలో పెట్టుకోండి. మీ పూల్ కొలతలు, స్టెబిలైజర్ రీడింగ్ ఇక్కడ పెట్టండి, ఎన్ని ట్యాంకర్లు, ఎన్ని లీటర్ల క్లోరిన్ పడుతుందో లెక్కేసి చెబుతాను.